పొయ్యి లేని కాగు

ధనుర్మాసంలో తెల్లవారుజామున జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల్లో ఏ ఊళ్ళోనైనా చేదబావి దగ్గరికి వెళ్ళి చూడండి. ఊరంతా చలికి వణుకుతూ ఉంటుంది. కాని బావిలోంచి తోడిన మొదటి చేద నీళ్ళలో చెయ్యి పెడితే వెచ్చగా ఉంటాయి. వాటి మీద సన్నని ఆవిరి కూడా లేస్తూ ఉంటుంది. అదే బావిలో రోహిణీకార్తె ఎండల్లో నీళ్ళు తోడితే చల్లగా, ప్రాణం లేచివచ్చినట్టు ఉంటాయి. "బావి నీళ్ళు చలికాలం వెచ్చబడతాయి, ఎండాకాలం చల్లబడతాయి," అని పెద్దవాళ్ళు అంటారు.

నిజానికి మారేది బావి నీళ్ళు కాదు. మన చుట్టూ ఉండే గాలి మారుతుంది, దానితోపాటు మన చర్మం మారుతుంది. ఎండగాని చలిగాని నేలలోకి కొన్ని గజాలకు మించి దిగలేవు. అందుచేత లోతైన బావిలో నీటి వేడి సంవత్సరం పొడుగునా ఇంచుమించు ఒకే విధంగా ఉంటుంది. మన ప్రాంతంలో అది దాదాపు 28, 30 సెంటీగ్రేడు డిగ్రీల మధ్య ఉంటుంది. పుష్యమాసపు గాలి అంతకన్న చల్లన గనక అప్పుడు ఆ నీరు మనకు వెచ్చన. వైశాఖమాసపు గాలి అంతకన్న వేడి గనక అప్పుడు ఆ నీరే మనకు చల్లన.

సరే, ఆ బావిని ఇంకా లోతుగా తవ్వుకుంటూ పోతే ఏమవుతుంది? చాలామంది లోపల మరీ చల్లగా ఉంటుందని అనుకుంటారు. కాని జరిగేది అది కాదు. లోతుకు పోయినకొద్దీ వేడి పెరుగుతుంది. ప్రపంచంలో చాలా చోట్ల ఒక్కొక్క కిలోమీటరు లోతుకు సుమారు 25 నుంచి 30 డిగ్రీల చొప్పున వేడి హెచ్చుతూ పోతుంది. కొన్ని చోట్ల ఇంతకన్న తక్కువగానూ, కొన్ని చోట్ల ఎక్కువగానూ ఉంటుంది.

ఈ సంగతి కోలారు బంగారు గనుల్లో పనిచేసినవారికి అనుభవమే. ఆ గనులు కర్ణాటకలో ఉన్నా వాటిలో పనిచేసినవారిలో తెలుగువారు చాలామంది ఉండేవారు. 2001లో మూతపడేనాటికి ఆ గనులు మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు వెళ్ళాయి. అక్కడ రాతి గోడల వేడి 60 డిగ్రీలకు పైగా ఉండేది. పైనుంచి యంత్రాలతో చల్లని గాలిని పంపితే తప్ప మనిషి అక్కడ నిలవలేకపోయేవాడు.

అంటే మన అందరి కాళ్ళకింద ఒక పెద్ద కాగు ఉన్నదన్న మాట. దానికి పొయ్యి లేదు, కట్టెలు లేవు. అయినా కోట్ల సంవత్సరాలుగా అది కాగుతూనే ఉన్నది. మామూలుగా ఆ కాగు మనకు అందనంత లోతున ఉంటుంది. కాని కొన్ని చోట్ల భూమి తనంతట తానే ఆ నీళ్ళను పైకి పంపుతుంది. అటువంటి చోటును ఉష్ణగుండం అంటారు.

గోదావరి ఇసుకలో వేడినీళ్ళు

కృష్ణా మెట్టప్రాంతం వారికి దగ్గరగా ఉన్న ఉష్ణగుండం భద్రాచలం పక్కన ఉన్నది. ఆ ఊరి పేరు గుండాల. భద్రాచలం పట్టణానికి కొద్ది కిలోమీటర్ల దూరాన, గోదావరి ఒడ్డున ఉంటుంది. 2014లో రాష్ట్రం రెండుగా ఏర్పడినప్పుడు భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, గుండాల మాత్రం ఆంధ్రప్రదేశ్ లో ఎటపాక మండలానికి చేరింది.

నేను దాన్ని మొదటిసారి చూసింది 1969 డిసెంబరులో. అప్పుడు నాకు పదేళ్ళు. ముక్కోటి ఏకాదశికి భద్రాద్రి రాముణ్ణి చూడాలని నాయనమ్మకు ఎన్నాళ్ళనుంచో కోరిక. పెదనాన్న, ఆయన కొడుకు, నేను ఆవిడ వెంట బయలుదేరాం.

జగ్గయ్యపేట దాటిన తరువాత చాలా దూరం మేము ఎరిగిన నేలే. నల్లరేగడి చేలు, మిరపతోటలు, గట్ల మీద పరిచిన నాపరాళ్ళు. ఖమ్మం దాటాక నేల రంగు మారింది. ఎర్రమట్టి, ఆపైన అడవి. టేకు, మద్ది, తునికి, ఇప్ప చెట్లు, మధ్యమధ్య ఏనుగు కూడా దాగగలిగేటంత వెదురు పొదలు. చెట్టన్నది పొలం గట్టు మీద ఒంటిగా నిలబడుతుందని అనుకునే మాకు, ఎటు చూసినా చెట్ల గుంపే కనిపించేసరికి నోట మాట రాలేదు. పాల్వంచ దాటి గోదావరి దగ్గరికి చేరేసరికి పొద్దు వాలింది. 1965లో తెరిచిన కొత్త వారధి మీదుగా బస్సు వెళుతూ ఉంటే నాయనమ్మ కిటికీలోంచి చెయ్యి చాచి నదికి దణ్ణం పెట్టింది.

మర్నాడు తెల్లవారకముందే గుండాల వెళ్ళాం. గోదావరి మీద మంచు దుప్పటిలా పరుచుకుని ఉన్నది. వర్షాకాలంలో ఒడ్డులు ఒరుసుకుని పారే నది అప్పుడు సన్నబడి, ఇసుక తిన్నెలు విశాలంగా బయటపడి ఉన్నాయి. ఆ ఇసుకలో ఒకచోట మంచు లాంటి పొగ నేలలోంచి లేస్తున్నది. అక్కడ ఒక వృద్ధుడు చేతులతో ఇసుక తోడుతున్నాడు. ఆయన కోయవారి పెద్ద. మూరెడు లోతు తోడేసరికి గుంటలో నీరు ఊరింది. ఆ నీటిలోంచి ఆవిరి లేచింది!

మా పెదనాన్న కొడుకు నాకన్న రెండేళ్ళు పెద్ద, తొందరపాటు మనిషి. చలికి తట్టుకోలేక చొక్కా విప్పి ఒక్క ఉరుకున గుంటలోకి దూకబోయాడు. వృద్ధుడు చేతికర్ర అడ్డం పెట్టి ఆపాడు.

"ఆగు నాయనా! ముందు వేలు, తరువాత కాలు. ఆ తరువాత ఒళ్ళు," అన్నాడు.

వాడు వేలు ముంచి, చటుక్కున వెనక్కు లాక్కున్నాడు. తరువాత నదిలోంచి చెంబులతో చల్లని నీళ్ళు తెచ్చి పోసుకుని, వేడి సరిపడేట్టు కలుపుకుని అందరం స్నానం చేశాం. ఒళ్ళంతా చలి, కాళ్ళకింద మాత్రం వెచ్చని ఇసుక! ఆ హాయి ఇంట్లో ఎన్ని కాగుల నీళ్ళు పోసుకున్నా రాదు.

"ఈ నీళ్ళు ఎవరు కాస్తున్నారు, నాయనమ్మా?" అని అడిగాను.

"బ్రహ్మ, విష్ణువు, మహేశ్వరుడు చలికాలంలో స్నానం చేసిన చోటుట ఇది. వాళ్ళకోసం కాగిన నీళ్ళు ఇంకా చల్లారలేదు," అన్నది నాయనమ్మ.

నేను వృద్ధుడి వంక చూశాను. ఆయన నవ్వి, "కాచేదెవరో నాకేం తెలుసు, బాబూ! కాని లోపల ఏదో ఉన్నది. మొన్న చైత్రంలో నేల ఎట్లా కదిలిందో చూశారుగా!" అన్నాడు.

ఆయన చెప్పింది నిజమే. ఆ సంవత్సరం ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో భూకంపం వచ్చింది. దాని తీవ్రత 5.7. తెలుగుదేశంలో అంత పెద్ద భూకంపాలు అరుదు. భూకంపానికీ, ఈ వేడినీళ్ళకూ ఒక చుట్టరికం ఉన్నదని నాకు చాలా ఏళ్ళ తరువాత గాని తెలియలేదు.

కాచేది ఎవరు?

ఉష్ణగుండం చూడగానే చాలామందికి అగ్నిపర్వతం గుర్తు వస్తుంది. గోదావరి లోయలో అగ్నిపర్వతం ఏదీ లేదు. ఆ నీటిని వేడెక్కించేది భూమి లోపలి మామూలు వేడే. అక్కడి విశేషమల్లా నీళ్ళు లోతుకు దిగి మళ్ళీ పైకి రావడానికి దారి ఉండడం.

ఆ దారి ఎలా ఏర్పడిందో చూద్దాం. సుమారు 30 కోట్ల సంవత్సరాల క్రితం ఇప్పటి గోదావరి లోయ పొడుగునా భూమి బీటలు వారి, రెండు బీటల మధ్య నేల మెల్లగా కుంగడం మొదలుపెట్టింది. ఆ కుంగిన పల్లంలోకి నదులు ఇసుకను, మట్టిని, చెట్లను తెచ్చి పోశాయి. ఇసుక గట్టిపడి ఇసుకరాయి అయింది. చెట్లు పూడిపోయి బొగ్గు అయినాయి. కొత్తగూడెం, ఇల్లందు, మణుగూరు ప్రాంతాల్లో సింగరేణి కంపెనీ తవ్వుతున్నది ఆ బొగ్గునే.

వాన నీరు ఆ ఇసుకరాతిలోకి, బీటల్లోకి ఇంకుతుంది. మెల్లగా కిందికి దిగుతుంది. లోతుకు పోయినకొద్దీ కాగుతుంది. కాగిన నీరు చల్లని నీటికన్న తేలిక. అదిగాక ఎత్తైన చోట ఇంకిన నీరు వెనకనుంచి నెడుతూ ఉంటుంది. ఒక రబ్బరు గొట్టాన్ని వంచి రెండు కొనలూ పైకి పట్టుకుని, ఒక కొనలో నీరు పోస్తే రెండో కొనలోంచి పైకి వస్తుంది కదా! అలాగే ఒకచోట ఇంకిన నీరు మరొకచోట బీటగుండా పైకి ఉబుకుతుంది. ఏ బీటలు కదిలితే భూకంపం వస్తుందో, అటువంటి బీటలే నీటికి దారులు. కోయ పెద్ద చెప్పిన మాటలో సత్యం అదే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చెయ్యండి. వాన నీరు నేలలోకి దిగేటప్పుడు 28 డిగ్రీలు ఉన్నదనుకుందాం. కిలోమీటరుకు 30 డిగ్రీలు హెచ్చుతుందనుకుందాం. ఒక గుండంలో నీరు 58 డిగ్రీలు ఉంటే అది ఎంత లోతుకు వెళ్ళి వచ్చింది? తక్కువలో తక్కువ ఒక కిలోమీటరు! దారిలో కొంత చల్లారి ఉంటుంది గనక నిజంగా అంతకన్న ఎక్కువే వెళ్ళి ఉంటుంది. జగ్గయ్యపేటలో మన చేదబావి ఎన్ని మట్లు? ఆ బావుల్ని ఒకదాని కింద ఒకటి పేర్చితే ఎన్నిటికి ఒక కిలోమీటరు అవుతుందో మీరే లెక్క కట్టుకోండి.

గుంటూరు గ్రహణం, గుండంలో గాలి

మరి భూమికి ఆ వేడి ఎక్కడిది? కొంత భూమి పుట్టినప్పటిది, ఇంకా చల్లారనిది. మిగిలినది యురేనియం, థోరియం, పొటాషియం అనే మూలకాలనుంచి పుడుతున్నది. ఇవి రాళ్ళలో బహు కొద్దిగా ఉంటాయి. వీటి పరమాణువులు కొన్ని తమంతట తామే విచ్ఛిన్నమవుతూ, ఆ సమయంలో వేడిని వెలువరిస్తాయి. యురేనియం, థోరియం విచ్ఛిన్నమైనప్పుడు వేడితోపాటు మరొకటి కూడా పుడుతుంది. అది హీలియం అనే వాయువు. తిరునాళ్ళలో దారం వదిలితే ఆకాశానికి ఎగిరిపోయే బుడగల్లో నింపేది అదే.

పశ్చిమబెంగాల్ లోని బక్రేశ్వర్ ఉష్ణగుండాల్లో నీటి అడుగునుంచి బుడబుడమని బుడగలు వస్తూ ఉంటాయి. ఆ బుడగల్లో హీలియం ఉన్నది. శ్యామదాస్ ఛటర్జీ అనే శాస్త్రజ్ఞుడు దాన్ని పట్టి పరిశోధనలు చేశాడు. అంటే లోపలి పొయ్యిలో మండే కట్టెలేమిటో ఆ బుడగలు మనకు చెబుతున్నాయన్న మాట.

ఇందులో మరొక విశేషం ఉన్నది. ఈ హీలియం కథ మొదలైంది మన దగ్గరే! 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. దాన్ని చూడడానికి ఫ్రాన్సునుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు గుంటూరు వచ్చాడు. మద్రాసు నక్షత్రశాలనుంచి పాగ్సన్ మచిలీపట్నం వచ్చాడు. ఆ గ్రహణ సమయంలోనూ, ఆ తరువాతా సూర్యుని అంచు వెలుగును గాజు పట్టకంగుండా పరీక్షించగా అందులో ఒక పసుపు గీత కనిపించింది. భూమి మీద తెలిసిన ఏ పదార్థమూ అటువంటి గీత ఇవ్వదు. ఇంగ్లండులో లాకియర్ అనే ఆయన అది సూర్యుడిలో ఉన్న కొత్త మూలకమని చెప్పాడు. సూర్యుడికి గ్రీకు భాషలో హీలియోస్ అని పేరు గనక దానికి హీలియం అని పేరు వచ్చింది. 1895లో రామ్సే దాన్ని భూమి మీద పట్టుకున్నాడు. ఎక్కడ పట్టుకున్నాడనుకున్నారు? యురేనియం ఉన్న ఒక ఖనిజంలో!

కృష్ణకు ఈ ఒడ్డున మచిలీపట్నం, ఆ ఒడ్డున గుంటూరు. ఆ రెండు చోట్ల సూర్యుణ్ణి చూసినవారికి, దాని రహస్యం మన కాళ్ళకింద కూడా ఉన్నదని అప్పుడు తెలియదు.

హిమాలయాల్లో అన్నం వండే గుండం

గుండాల తరువాత నేను మరికొన్ని ఉష్ణగుండాలు చూశాను. ఒడిషాలో బరంపురానికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో తప్తపాణి ఉన్నది. బరంపురంలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. తప్తపాణి తూర్పుకనుమల కొండల్లో, దట్టమైన అడవి మధ్య ఉంటుంది. అక్కడ నీళ్ళు గంధకం వాసన వేస్తాయి. కొండ పక్కన ఊరే వేడినీటిని కాలువ కట్టి స్నానాల తొట్లకు తెచ్చారు. చుట్టూ పక్షుల కూతలు తప్ప మరో చప్పుడు ఉండదు.

కాని వేడిలో అన్నిటికన్న గొప్పవి హిమాలయాల్లోని గుండాలు. సుమారు 5 కోట్ల సంవత్సరాల క్రితం మన దేశాన్ని మోస్తున్న భూఖండం ఉత్తరాన ఆసియాను ఢీకొన్నది. ఆ తోపుడు ఈనాటికీ ఆగలేదు. ఆ ఒత్తిడికి కొండలు లేచాయి, లోతైన బీటలు ఏర్పడ్డాయి. వాటి పొడుగునా వేడినీళ్ళు పైకి వస్తున్నాయి. బదరీనాథంలో గుడి మెట్ల కింద తప్తకుండం ఉన్నది. చుట్టూ మంచుకొండలు, పక్కనే గడ్డకట్టేటంత చల్లని అలకనంద. యాత్రికులు తప్తకుండంలో మునిగి గుడికి వెళతారు.

యమునోత్రిలో సూర్యకుండం ఇంకా విచిత్రం. అక్కడ యాత్రికులు బియ్యాన్ని, బంగాళాదుంపల్ని గుడ్డలో మూటగట్టి నీళ్ళలోకి దించుతారు. కొంతసేపటికి అవి ఉడుకుతాయి. వాటినే ప్రసాదంగా తీసుకుంటారు. ఆ నీటి వేడి సుమారు 88 డిగ్రీలు.

"నీరు మరిగేది 100 డిగ్రీల దగ్గర కదా! 88 అంటే ఇంకా తక్కువేగా?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. కొండ ఎక్కినకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే నీరు త్వరగా మరుగుతుంది. దాదాపు 300 మీటర్ల ఎత్తుకు ఒక డిగ్రీ చొప్పున తగ్గుతుందని లెక్క. యమునోత్రి సుమారు 3,300 మీటర్ల ఎత్తున ఉన్నది. 3,300ను 300తో భాగిస్తే 11. నూటిలోంచి 11 తీసివేస్తే 89. అంటే యమునోత్రిలో నీరు మరిగేదే 89 డిగ్రీల దగ్గర. సూర్యకుండంలో నీళ్ళు మరగడానికి ఒక్క డిగ్రీ తక్కువ! లడఖ్ లోని పూగా లోయ 4,400 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ నీరు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతుందో మీరు చెప్పగలరా?

ఇటువంటి చోట్ల గుండాల కోయ పెద్ద చెప్పిన మాట మరీ ముఖ్యం. ముందు వేలు కూడా పెట్టకూడదు. ఒడ్డున కట్టిన రాతిమీద నిలబడి, అక్కడివారిని అడిగి, వారు చూపిన తొట్లలోనే స్నానం చెయ్యాలి. ఎంత నిర్మలంగా కనిపించినా మరిగే నీరు మరిగే నీరే.

వేడిలో బతికే జీవులు

మరిగే నీటిలో ఏ ప్రాణీ బతకదని చాలాకాలం అనుకున్నారు. అమెరికాలో యెల్లోస్టోన్ అనే అరణ్యప్రాంతం ఉన్నది. 1872లో దాన్ని జాతీయ వనంగా ప్రకటించి, ఎవరూ పాడుచేయకుండా కాపాడుతున్నారు. అక్కడ వేలకొద్ది ఉష్ణగుండాలు ఉన్నాయి. వాటి అంచులు ఆకుపచ్చ, పసుపు, నారింజ రంగుల్లో మెరుస్తూ ఉంటాయి. థామస్ బ్రాక్ అనే శాస్త్రజ్ఞుడు, హడ్సన్ ఫ్రీజ్ అనే ఆయన విద్యార్థి, 1966లో అక్కడ ఒక గుండంలోంచి 70 డిగ్రీల వేడిలో హాయిగా పెరిగే సూక్ష్మజీవిని పట్టుకున్నారు. 1969లో, అంటే నేను గోదావరి ఇసుకలో స్నానం చేసిన సంవత్సరమే, దానికి థర్మస్ ఆక్వాటికస్ అని పేరు పెట్టి లోకానికి తెలిపారు.

"అయితే ఏమిటట?" అని అప్పుడు ఎవరైనా అని ఉండవచ్చు. కాని 1983లో కారీ ములిస్ అనే ఆయన ప్రాణుల కణాల్లో ఉండే డి.ఎన్.ఎ. అనే పదార్థాన్ని లక్షలు, కోట్ల రెట్లు పెంచే ఉపాయం కనిపెట్టాడు. ఆ పనిలో ద్రవాన్ని మాటిమాటికీ దాదాపు మరిగేటంత వేడిచెయ్యాలి. మామూలు జీవుల రసాయనాలు ఆ వేడికి చెడిపోతాయి. ఆ వేడిని తట్టుకునే రసాయనం కావలసి వచ్చింది. అది ఎక్కడ దొరికింది? యెల్లోస్టోన్ గుండంలోని ఆ సూక్ష్మజీవిలో! ఈ పద్ధతి కనిపెట్టినందుకు ములిస్ కు 1993లో నోబెల్ బహుమతి వచ్చింది. 2020లో కరోనా వ్యాధి వచ్చినప్పుడు ముక్కులో పుల్లపెట్టి చేసిన పి.సి.ఆర్. పరీక్ష ఈ పద్ధతి ప్రకారం చేసినదే.

ఆ గుండాన్ని ఎవరో పూడ్చి ఇల్లు కట్టి ఉంటే? ఆలోచించి చూడండి. మన గోదావరి గుండాల్లోనూ, హిమాలయాల గుండాల్లోనూ ఏ జీవులున్నాయో, వాటి ఉపయోగమేమిటో తెలుసుకునే పని ఇంకా ఎంతో ఉన్నది. ఆ పని మీలో ఎవరో చెయ్యవలసి ఉంటుంది.

వేడినీటితో దీపం

గుండాలకు పైన, గోదావరికి ఆ పక్కన మణుగూరు ఉన్నది. అక్కడ పగిడేరు దగ్గర బొగ్గుకోసం నేలలోకి రంధ్రం వేసినప్పుడు వేడినీళ్ళు తమంతట తామే పైకి చిమ్మాయి. ఆ నీటితో కరెంటు పుట్టించడానికి సింగరేణి సంస్థ 2022లో 20 కిలోవాట్ల చిన్న కేంద్రం నెలకొల్పింది. 20 కిలోవాట్లంటే సుమారు 250 ఫ్యాన్లు తిరగడానికి సరిపోయే శక్తి. చూడడానికి కొంచెమే. కాని బొగ్గుకోసం తవ్విన రంధ్రం బొగ్గు కాల్చకుండా కరెంటు ఇవ్వడం విశేషం కాదా?

ఆ నీరు మరిగేటంత వేడి కాదు గదా, ఆవిరి ఎట్లా వస్తుంది? దీనికి ఒక ఉపాయం ఉన్నది. అరచేతిలో కాస్త స్పిరిట్ పోసుకుంటే చేతి వేడికే ఆవిరైపోతుంది. అలాగే తక్కువ వేడికే ఆవిరయ్యే ద్రవాన్ని గొట్టాల్లో ఉంచి, వేడినీటిని ఆ గొట్టాల పక్కగా పంపుతారు. ఆ ద్రవం ఆవిరై చక్రాన్ని తిప్పుతుంది. తరువాత చల్లబడి మళ్ళీ ద్రవమై వెనక్కు వస్తుంది.

ఒక కుండ, వంద గొట్టాలు

అయితే ఈ కాగు తరగనిదేనా? దీనికి జవాబు న్యూజిలాండులోని రొటొరువా అనే ఊరు చెబుతుంది. ఆ ఊరి పక్కన వేడినీటి ఊటలు ఆకాశంలోకి చిమ్ముతూ ఉంటాయి. వాటిలో పోహుతు అనేది చాలా పేరు పొందింది. ఊళ్ళోవారు ఇళ్ళు వెచ్చబరుచుకోవడానికి ఎవరికి వారు నేలలోకి గొట్టాలు దించి వేడినీళ్ళు తోడుకున్నారు. గొట్టాలు వందలయ్యేసరికి ఊటలు నీరసించాయి, కొన్ని ఆగిపోయినాయి. 1987 ప్రాంతంలో ప్రభుత్వం పోహుతుకు ఒకటిన్నర కిలోమీటర్ల లోపలి గొట్టాలన్నీ మూయించింది. ఊటలు మెల్లగా తేరుకున్నాయి.

ఈ కథ మన మెట్టప్రాంతపు పిల్లలకు విడమరచి చెప్పనవసరం లేదు. పక్క చేనువాడు 300 అడుగుల బోరు వేస్తే మన బావి ఎండిపోవడం, మనం 400 అడుగులు వేస్తే అతని బోరు ఎండిపోవడం మన ఊళ్ళలో చూస్తూనే ఉన్నాం. పైన గట్లు వేరు, పట్టాలు వేరు. కింద ఉన్న నీరు మాత్రం ఒక్కటే.

నీటి ఊటలకు మనుషులే కాదు, వరదలు కూడా శత్రువులే. 2013 జూన్ లో కేదారనాథ్ దారిలో వచ్చిన ఘోరమైన వరదకు గౌరీకుండ్ లోని వేడినీటి గుండం దెబ్బతిన్నది. గోదావరి కూడా తక్కువది కాదు. భద్రాచలం దగ్గర 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగుల ఎత్తున వరద పారింది. అటువంటి వరద తరువాత ఒడ్డున ఇసుక ఎక్కడ మేట వేస్తుందో ఎవరూ చెప్పలేరు.

1969లో మేము తిరుగు ప్రయాణం నదిమీదుగానే చేశాం. శబరి నది గోదావరిలో కలిసే కూనవరంలో లాంచీ ఎక్కాం. ఎంతో వెడల్పున పారే నది పాపికొండల మధ్యకు వచ్చేసరికి కొన్ని వందల గజాలకు కుదించుకుపోయింది. రెండు పక్కలా ఆకుపచ్చని కొండలు నిటారుగా లేచాయి. ముందు దారి మూసుకుపోయినట్టు కనిపించేది, అంతలో మలుపు తిరిగి మళ్ళీ తెరుచుకునేది. గట్ల మీద కొండరెడ్ల వెదురు ఇళ్ళు, ఇసుకమీద ఎండ కాచుకునే పిల్లలు మాకు చేతులూపారు. లాంచీ దిగేవరకు నాయనమ్మ ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

2008లో పాపికొండల అడవిని జాతీయ వనంగా ప్రకటించారు. దిగువన పోలవరం దగ్గర కడుతున్న ఆనకట్టలో నీరు నిండితే ఆ లోయలో నది మట్టం పెరుగుతుంది. కోయలవి, కొండరెడ్లవి ఎన్నో గ్రామాలు ముంపులోకి వస్తాయి. కొన్ని ఊళ్ళవారు ఇప్పటికే ఇళ్ళు వదలి వేరేచోట్లకు వెళ్ళారు. డెల్టాకూ, మెట్టకూ నీళ్ళు కావాలి, అది నిజమే. ఆ నీళ్ళకోసం ఎవరి ఊరు మునుగుతున్నదో తెలుసుకోవడం, వారికి ఇవ్వవలసింది ఇచ్చారా లేదా అని అడగడం కూడా మన పనే.

ఈసారి మీ పెద్దవాళ్ళు భద్రాచలం వెళదామంటే గుండాలకు కూడా తీసుకుపొమ్మని అడగండి. చలికాలమైతే మంచిది. వెంట ఒక ఉష్ణమాపకం, ఒక నోటుపుస్తకం ఉంచుకోండి. నది నీటి వేడి ఎంత, ఇసుకలో ఊరిన నీటి వేడి ఎంత, రెండూ రాసుకోండి. ఆ తేడానుబట్టి అది ఎంత లోతునుంచి వచ్చిందో లెక్క కట్టండి. స్నానం చేస్తే సబ్బు రుద్దకండి, కవర్లూ సీసాలూ అక్కడ పారవేయకండి. అక్కడ పెద్దవారెవరైనా కనిపిస్తే గుండం సంగతి అడిగి చెప్పించుకోండి. వారికి తెలిసినవన్నీ పుస్తకాలకు ఎక్కలేదు.